జారుముడి పందిరి

తిరుపతిలో ఆర్కిటెక్టుగా ఆఫీసు పెట్టిన కొత్తలో నాకు దొరికిన మొదటి పెద్ద పని ఒక మూడు రోజుల ఎగ్జిబిషన్. ముప్పై రెండు స్టాళ్ళు. ప్లైవుడ్ అడ్డగోడలు, వాటి మీద ఫ్లెక్సులు, కింద ఎర్ర కార్పెట్, ముందు థర్మాకోల్ గోపురం. డ్రాయింగులన్నీ నావే. మూడో రోజు రాత్రి పదకొండింటికి జనం వెళ్ళిపోగానే కాంట్రాక్టరు మనుషులు గునపాలతో దిగారు. తెల్లారేసరికి గ్రౌండు ఖాళీ చేసి ఇవ్వాలి. ఒక్కో మేకూ పీకే తీరిక ఎవరికీ లేదు. ప్లైవుడ్‌ని పట్టి లాగితే అంచులు చీలిపోయాయి. చీలింది ఇంకో పనికి రాదని మూలన కుప్ప వేశారు. కార్పెట్‌ని ముక్కలుగా కోసి దాని మీద పడేశారు. తెల్లవారుజామున ఆ కుప్పకి ఎవరో నిప్పు పెట్టారు. థర్మాకోల్, ఫ్లెక్సు కలిసి కాలితే వచ్చే నల్లటి పొగ, ఆ వాసన రెండు రోజులు నా చున్నీకి పట్టుకునే ఉంది.

కూలీల మీద నాకు కోపం రాలేదు. నా డ్రాయింగులు మళ్ళీ తీసి చూసుకున్నాను. మేకు ఎక్కడ కొట్టాలో ప్రతి చోటా చూపించాను. దాన్ని ఎలా తీయాలో ఒక్క చోట కూడా రాయలేదు.

ఏడాదిన్నర తర్వాత, దేశీ విత్తనాలు దాచుకునే కొందరు రైతులు చంద్రగిరి వైపు ఒక గ్రౌండులో పది రోజుల విత్తనాల సంత పెడదామనుకున్నారు. ఫిబ్రవరి రెండో వారంలో. నలభై బల్లలు పట్టాలి, ఎండ తగలకూడదు, ఒకేసారి రెండు వందల మంది తిరగగలగాలి. గ్రౌండు ఇచ్చినవాళ్ళు ఒక షరతు పెట్టారు. పిల్లలు ఆడుకునే చోటు కాబట్టి ఒక్క గుంత కూడా తవ్వకూడదు. నేను ఇంకో షరతు పెట్టాను. పారేయడానికి ఏదీ కొనకూడదు. తెచ్చిన వస్తువు తెచ్చినట్టే దాని యజమాని దగ్గరికి తిరిగి వెళ్ళాలి. అంటే కోయకూడదు, చిల్లు పెట్టకూడదు, మేకు కొట్టకూడదు. రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ మాత్రం, "మా పెండ్లికి అట్లానే కట్టినారు కదమ్మా పందిరి" అన్నారు.

ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. అప్పటికి నా తలలో ఉన్నవన్నీ దూరదేశాల ఉదాహరణలే. జపాన్ ఆర్కిటెక్టు షిగేరు బాన్ 1995లో కోబే భూకంపం తర్వాత ఇళ్ళు పోయినవాళ్ళకి అట్ట గొట్టాలతో గదులు కట్టాడు. వాటికి పునాది బీరు సీసాల క్రేట్లు, వాటి నిండా ఇసుక బస్తాలు. 2001లో భుజ్ భూకంపం తర్వాత గుజరాత్‌లోనూ అలాంటి గది కట్టాడు. అక్కడ ఆ క్రేట్లు దొరకలేదు. దాంతో కూలిన ఇళ్ళ రాళ్ళనే పునాదిగా వేసి, పైన ఆ ప్రాంతం వాళ్ళు అలికే పద్ధతిలో మట్టి నేల చేయించాడు. ఇంకొకటి, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో 2017 డచ్ డిజైన్ వీక్ కోసం బ్యూరో ఎస్‌ఎల్‌ఏ, ఓవర్‌ట్రేడర్స్ డబ్ల్యూ అనే రెండు సంస్థలు కట్టిన పీపుల్స్ పెవిలియన్. సామానంతా అరువు తెచ్చిందే. స్క్రూ లేదు, జిగురు లేదు, రంపం పెట్టలేదు. దూలాలని స్టీలు పట్టీలతో బిగించి కట్టారు. బయటి గోడకి ఊరివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ చెత్తతో చేసిన పెంకులు వేశారు.

ఐండ్‌హోవెన్‌లో దొరికేవి చంద్రగిరిలో దొరకవు. బీరు క్రేట్లు గుజరాత్‌లో దొరకనట్టే. కాబట్టి నా అసలు పని గీయడం కాదు, మా చుట్టుపక్కల ఫిబ్రవరిలో ఏ వస్తువు ఊరికే పడి ఉంటుందో వెతకడం. అది మొదలుపెట్టాక మా జిల్లాలు నాకు వేరేగా కనిపించాయి. మామిడి కాయ కోత మే నుంచి జూలై దాకా. ఆ తర్వాత దామలచెరువు మండీల్లో ప్లాస్టిక్ క్రేట్లు గోడంత ఎత్తున పేర్చి ఉంటాయి. పలమనేరు వైపు టమాటా వేయని రైతు ఇంటి వెనక టమాటా కట్టెలు మోపులు కట్టి పెట్టుకుంటాడు. వేరుశనగ మిల్లులో గోనె సంచులు. ఇల్లు కట్టుకుంటున్నాయన వాకిట్లో స్లాబు రోజు కోసం ఎదురుచూసే ఇసుక కుప్ప. పశువుల కొట్టం మళ్ళీ కప్పుకోవడానికి దాచుకున్న సర్వి కట్టెలు, అంటే సరుగుడు కట్టెలు. నెలల పేర్లు పైన రాసి, వస్తువుల పేర్లు పక్కన రాసి ఒక పట్టిక వేసుకున్నాను. ఏ వస్తువుకి ఏ నెల సెలవో అందులో చూస్తే తెలుస్తుంది. ఈ పనిలో నేను చేసిన మంచి డ్రాయింగు ఆ పట్టికే అని ఇప్పటికీ అనుకుంటాను.

మొదటి డిజైన్ పూర్తిగా తప్పింది. పైకప్పుకి రైతుల దగ్గర వేరుశనక్కాయలు ఆరబోసే ప్లాస్టిక్ పట్టలు, పక్కలకి ఎండు కొబ్బరాకు తడికలు అనుకున్నాను. కాగితం పట్టుకుని అగ్నిమాపక అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండింటినీ కొట్టేశారు. పందిళ్ళలో అగ్నిప్రమాదాలు జరగకుండా ఏం చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ 8758. సింథటిక్ గుడ్డా, సింథటిక్ తాడూ వాడొద్దంటుంది. పందిరి ఎత్తు 3 మీటర్లకి తగ్గకూడదు. చుట్టూ ఖాళీ వదలాలి. కరెంటు తీగల కింద వేయకూడదు. "పట్ట అంటుకుంటే కరిగి చుక్కలు చుక్కలుగా మనుషుల మీద పడుతుందమ్మా. ఎండు తడికైతే రెండు నిమిషాలు చాలదు" అన్నారాయన. నాకు కాస్త బాధ అనిపించినా ఆ మాటకి ఎదురు చెప్పలేకపోయాను. వస్తువు తిరిగి వెళ్ళడం ఎంత ముఖ్యమో, దాని కింద నిలబడ్డ మనిషి ఇంటికి తిరిగి వెళ్ళడం అంతకన్నా ముఖ్యం.

అలా తిరిగి తిరిగి, నేను మొదట్లోనే పక్కన పెట్టిన షామియానా షాపుకి చేరాను. కొత్తగా ఏదో చేయాలన్న ఉత్సాహంలో ఆ షాపు యజమానిని నేను లెక్కలోకే తీసుకోలేదు. ఆయన దగ్గర నూలు షామియానాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 18 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు. కొన్ని పన్నెండేళ్ళ నాటివి. పెళ్ళి నుంచి పెళ్ళికి, కర్మంతరం నుంచి గృహప్రవేశానికి తిరుగుతూ ఉన్నాయి. చిరిగిన చోట ఆయన భార్య అతుకు వేస్తారు. ఈ ఊళ్ళో అందరికన్నా ముందునుంచీ ఈ పని చేస్తున్నది వీళ్ళే కదా అని ఆ షాపులో నిలబడి అనుకున్నాను. పెద్ద ఉత్సవాలకి అల్యూమినియం చట్రాలతో వేసే జర్మన్ షెడ్లు కూడా విప్పి మళ్ళీ కట్టేవే, అది కాదనను. కానీ వాటికి పెద్ద లారీలు కావాలి, మా సంతకి అంత స్తోమత లేదు.

గుడ్డని కోయకూడదు కాబట్టి హాలు కొలత గుడ్డే చెప్పింది. 36 అడుగుల పొడవుని నడికప్పు మీద వేసి రెండు వైపులా 18 అడుగుల చొప్పున వాలు ఇచ్చాను. చూరు 10 అడుగుల ఎత్తు, నడిమి 18 అడుగులు. హాలు వెడల్పు 32 అడుగులు వచ్చింది. ఐదు గుడ్డలు పక్కపక్కన కడితే పొడవు 90 అడుగులు. ఆరు వరసలు, వరసకి మూడు రాటలు, మొత్తం పద్దెనిమిది రాటలు.

ఇక గుంత తవ్వకుండా అవి నిలబడాలి. ఇక్కడ అందాజాతో పని జరగదు. గాలి ఒత్తిడికి లెక్క చాలా చిన్నది. సెకనుకి మీటర్లలో గాలి వేగాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్లో వస్తుంది. గంటకి 72 కిలోమీటర్ల విసురు అంటే సెకనుకి 20 మీటర్లు. అప్పుడు ఒత్తిడి 240 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకి సుమారు 24 కిలోలు. ఒక్కో షామియానా 60 చదరపు మీటర్లు. అంటే ఆ విసురులో ఒక్కో గుడ్డ 1,440 కిలోల బరువుని పైకి లేపగలదు. ఐదు గుడ్డలకి 7,200 కిలోలు. నూలు గుడ్డలోంచి కొంత గాలి పోతుంది కానీ దాన్ని లెక్కలో తగ్గించలేదు. పద్దెనిమిది రాటలకి పంచితే ఒక్కో రాట కాళ్ళ దగ్గర 400 కిలోలు ఉండాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు స్నేహితురాలికి చూపిస్తే, నడిమి రాటల మీద ఎక్కువ లాగుడు పడుతుంది కాబట్టి పైన కట్టెలన్నిటినీ ఒకదానికొకటి గట్టిగా కలపమని, వాలు కట్టెలు పెంచమని చెప్పింది.

బరువు దొరికింది. మామిడి క్రేట్లు మూడు వరసలుగా, వరసకి మూడు పేర్చి, నడిమి క్రేటు తీసేస్తే అక్కడ రాట నిలబడుతుంది. చుట్టూ ఎనిమిది క్రేట్లు. ఒక్కో క్రేటులో 50 కిలోల ఇసుక నింపిన గోనె సంచి. ఎనిమిది యాభైలు నాలుగు వందలు. మొత్తం 144 క్రేట్లు, 144 సంచులు, రెండు ట్రాక్టర్ల ఇసుక. ఈ లెక్క సరిపోయిన రోజు సాయంత్రం సంతోషంతో అలిపిరి దాకా నడిచి వచ్చాను.

కానీ అందులో ఒక పొరపాటు ఉంది. అది నాకు కనిపించలేదు. పందిళ్ళు కట్టే పెద్దాయనకి కనిపించింది. ఆయనకి డెబ్భై ఏళ్ళకి దగ్గర. చిన్నప్పటినుంచీ గంగమ్మ జాతరకి పందిళ్ళు కడుతున్నారు. నేను గీసింది చూసి, "బరువు రాట పక్కన పెట్టినావు పాపా. గాలి రాటని పైకి లాగితే అది క్రేట్ల నడిమి నుంచి నిక్కి లేచొస్తాది. దీనికీ దానికీ సంబంధం ఏముండాది?" అన్నారు.

నేను మాట్లాడలేదు. ఆయన నేల మీద రెండు పుల్లలు అడ్డంగా పెట్టి, వాటి నడుమ ఒకటి నిలబెట్టి చూపించారు. "చెట్టుకి వేర్లు ఎట్లా ఉంటాయి? అడ్డంగానే కదా పోతాయి. రాటకి కింద కాళ్ళు కట్టు. కాళ్ళ మీద నీ క్రేట్లు పెట్టు. అప్పుడు రాట లేవాలంటే క్రేట్లని ఎత్తుకుని లేవాల."

అంతే. టమాటా కట్టెలు నాలుగేసి కలిపి మోపు కట్టి, రాట అడుగున అడ్డంగా బిగించాం. ఐదడుగుల కట్టెలు కాబట్టి క్రేట్ల కిందికి సరిగ్గా వచ్చాయి. కాలేజీలో చెప్పింది తప్పు కాదు. 400 కిలోలు అన్న అంకె నాకు అక్కడే వచ్చింది. ఆ అంకెని రాటకి ముడేసింది మాత్రం ఆ పెద్దాయన.

సామాను అడగడానికి పన్నెండు రోజులు తిరిగాను. మండీ యజమాని నా మాటంతా విని, "క్రేట్లు ఇచ్చేదానికేముందమ్మా, తిరిగొచ్చేదే కష్టం" అన్నారు. ఆ మాట వెనక అనుభవం ఉంది. క్రేటుకి ఇంత అని డిపాజిట్ కట్టించుకుని, ఒక్కొక్కటీ తిప్పి చూసి, పగిలిన వాటిని వేరు చేసి ఇచ్చారు. ఇసుక యజమాని మార్చి మొదటి వారంలో స్లాబు అని, దానికి ఒక్క రోజు కూడా అటూ ఇటూ కాకూడదని మూడుసార్లు చెప్పారు. ఇద్దరు మొహం మీదే లేదన్నారు. ఒకాయన అడగకుండానే కొట్టం పక్కనున్న కట్టెలు చూపించి, ఏది కావాలో తీసుకోమన్నాడు.

వీటన్నిటికీ ఒక పుస్తకం పెట్టాను. పైన అరువు పుస్తకం అని రాశాను. ఎవరిది, ఏమిటి, ఎన్ని, తెచ్చినప్పుడు ఎలా ఉంది, ఎప్పటికి ఇవ్వాలి. కట్టెల మీద పెయింటుతో గుర్తు పెడితే అది పోదు, కాబట్టి ఒక్కో యజమానికి ఒక్కో రంగు దారం కట్టాను. ఎరుపు, నీలం, పసుపు, తెలుపు, ఆకుపచ్చ. 20 అడుగుల సర్వి కట్టెలు 36 వచ్చాయి, చూరు రాటలకి 12 అడుగులవి 12, వాలు కట్టెలకి రకరకాల పొడుగువి. ఏదీ కోయలేదు. 18 అడుగులు చాలిన చోట 20 అడుగుల కట్టె రెండడుగులు బయటికి పొడుచుకు వచ్చింది. ఆ కొసలకి ఎర్రగుడ్డ పీలికలు కట్టాం, ఎవరి కంటికీ తగలకుండా. ఫోటోల్లో ఆ పందిరి దువ్వని జుట్టులా కనిపిస్తుంది. నాకు అదే ఇష్టం. ప్రతి కట్టె పూర్తి పొడుగుతో తన ఇంటికి వెళ్తుందని ఆ కొసలు చూస్తేనే తెలుస్తుంది.

మొదటి రాటకి పెద్దాయన ఈశాన్యం మూల ఎంచారు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, నవధాన్యాలు మూట కట్టి రాటకి వేలాడదీశారు. ఆ ధాన్యాలు సంతకి వచ్చిన రైతుల విత్తనాల్లోంచి తీసినవే.

కట్టడానికి రెండు రోజులు అనుకున్నాను, నాలుగు రోజులు పట్టింది. ఎక్కువ సమయం ముడుల దగ్గరే పోయింది. కొబ్బరి తాడుని ముందురోజు నానబెట్టాలి. అప్పుడు మెత్తగా వంగుతుంది. రెండు కట్టెలు కలిసే చోట తాడుని ఏటవాలుగా నాలుగు చుట్లు, దానికి అడ్డంగా ఇంకో నాలుగు చుట్లు, ఆ తర్వాత రెండు కట్టెల మధ్యలో దూర్చి చుట్ల మీదే బిగించి రెండు చుట్లు. బరువు మోసేది ఈ చుట్ల ఒరిపిడే. ముడి పని చుట్లు జారకుండా పట్టుకోవడం వరకే. ఇది అర్థం కాని కుర్రవాళ్ళు ముడి మీద ముడి వేసి బిగిస్తారు. పెద్దాయన అలాంటిది కనిపిస్తే చాలు విప్పించేవారు.

"పీటముడి వేసినావంటే రేపు కొడవలి తెస్తావు. కొడవలి తెచ్చినావంటే తాడు పాయె" అనేవారు. చివరి ముడికి తాడు కొసని పూర్తిగా లాగకుండా మడత పెట్టి వదలాలి. కొస పట్టి లాగితే ఊడాలి, బరువు వైపు లాగితే బిగియాలి. జారుముడి. నాకు మొదట్లో రాలేదు. మూడో రోజుకి పదిలో ఏడు సరిగ్గా పడ్డాయి. పడని మూడింటినీ పెద్దాయన ఏమీ అనకుండా తానే మళ్ళీ కట్టారు.

గుడ్డలకి మాత్రం వేరే పద్ధతి. షామియానా అంచు తాళ్ళని చూరు కట్టెకి సన్నటి పురికొసతో కట్టించారు. ఇంత సన్నగానా అంటే, "గాలి జాస్తి అయితే గుడ్డ పోవాల, రాట పోకూడదు" అన్నారు. కరెంటు మీటరుకి ఫ్యూజు ఎలాగో ఇది అలాగే అని నేను డైరీలో రాసుకున్నాను.

సంత పది రోజులూ బాగా జరిగింది. విత్తనాలు చేటల్లో పోసి, పలకల మీద సుద్దతో పేర్లు రాశారు. తాము తెచ్చుకున్న ఖాళీ క్రేట్లు కొన్ని బోర్లించి పీటలు చేసుకున్నారు. వంట పందిరికి దూరంగా పెట్టాం, నీళ్ళ డ్రమ్ములు, ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండర్లు నాలుగు మూలలా ఉంచాం. ఆరో రోజు రాత్రి రెండు గంటలకి మాత్రం గాలి లేచింది. కాపలాగా ఉన్న కుర్రాడు ఫోన్ చేస్తే స్కూటీ మీద వెళ్ళాను. దారంతా టెన్షనే. వెళ్ళేసరికి దక్షిణం వైపు చివరి గుడ్డకి పురికొసలు ఐదో ఆరో తెగి, ఒక పక్క మొత్తం గాల్లో కొట్టుకుంటోంది. రాటలు ఊగుతున్నాయి, లేవలేదు. టార్చి వేసి ఒక్కో పాదం చూశాను. క్రేట్లు పెట్టిన చోటే ఉన్నాయి. విత్తనాల మీద రైతులు ముందే వేరుశనగ పట్టలు కప్పి ఉంచారు కాబట్టి అవి చెదరలేదు. నలభై నిమిషాల్లో గాలి తగ్గింది. పొద్దున్నే కొత్త పురికొస కట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఇక విప్పడం. అసలు పరీక్ష అదే. అక్కడే పొరపాటు చేశాను, పొరపాటు పూర్తిగా నాది. కట్టడానికి కూలీ రోజు లెక్కన ఇచ్చాను. విప్పడం సులువే కదా అని గుత్తకి మాట్లాడాను. గుత్తకి వచ్చిన మనుషులు వేరే. ఎంత తొందరగా అయితే అంత మిగులు వాళ్ళకి, వాళ్ళని తప్పు పట్టలేను. నేను షామియానాల లెక్క చూసుకుని వచ్చేలోపు ఒకతను కొడవలితో మొదటి వరస తాళ్ళు చకచకా కోసేశాడు. తాళ్ళు రెండు కట్టలు ముక్కలైపోయాయి. వాలు కట్టె ఒకటి పట్టుకునేవాళ్ళు లేక జారి కింద పడింది. అదృష్టం కొద్దీ ఎవరూ దాని కింద లేరు. నాకు కాళ్ళు వణికాయి. పని ఆపించి, గుత్త రద్దు చేసి, వాళ్ళకి ఆ రోజు కూలీ ఇచ్చి, పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన తన ఆరుగురినీ తీసుకుని మధ్యాహ్నానికి వచ్చారు. రెండు రోజుల్లో మిగిలిన ఐదు వరసలు ఒక్క కోత లేకుండా విప్పారు. కొస లాగితే ముడి ఊడిపోతుంటే, ఒకతను తాడుని మోచేతికి చుట్టుకుంటూ పోయేవాడు. విప్పడానికి రోజుకూలీ అని ఇప్పుడు నా కాంట్రాక్టు కాగితాల్లో మొదటి పేజీలోనే రాస్తాను. ముడి ఎంత బాగా వేసినా, విప్పేవాడికి తొందర ఉంటే అది పీటముడే అవుతుంది.

తిరిగి ఇవ్వడానికి నాలుగు రోజులు. కట్టడానికి పట్టినంత. దీన్ని ఎవరూ ముందు లెక్కలో వేసుకోరు. క్రేట్లు 144లో మూడు పగిలాయి, ఒకటి కనిపించలేదు. నాలుగింటికి డబ్బు కట్టాను. మండీ యజమాని కడిగి తెచ్చామని చూసి, డిపాజిట్ లెక్కపెట్టి ఇస్తూ, మామిడి కోతకి ముందు ఎప్పుడైనా రమ్మన్నారు. సంచులు తొమ్మిది చిరిగాయి. ఇసుక యజమాని చేత్తో తీసి చూసి, గోనె పీచు కలిసింది, జల్లించి ఇవ్వమన్నారు. న్యాయమైన మాట. స్లాబు కాంక్రీటులో పీచు ఎవరికి కావాలి? ఇద్దరు మనుషులు ఒక రోజంతా జల్లెడ పట్టారు. ఈసారి సంచిలో పోసే ముందు గోనెని తిరగేసి దులపాలని పుస్తకంలో రాసుకున్నాను.

డబ్బు సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఇదే హాలుకి ఒక కాంట్రాక్టరు 3,40,000 రూపాయలు చెప్పారు. మాకు నా ఫీజు కాకుండా సుమారు 2,72,000 అయింది. అందులో కూలీయే 1,32,000, రవాణా 46,000, షామియానా అద్దె 40,000. పోయినవాటికీ పగిలినవాటికీ కట్టింది 6,400. మిగతాది లైట్లకి, మంటలార్పే సామానుకి, నీళ్ళకి. అంటే భారీగా మిగిలిందేమీ లేదు. అరువు అంటే ఉచితం అనుకుని ఎవరైనా దిగితే దెబ్బ తింటారు. ప్లైవుడ్‌కీ ఫ్లెక్సుకీ వెళ్ళాల్సిన డబ్బు ఇక్కడ మనుషుల చేతికి వెళ్ళింది. గ్రౌండులో మిగిలింది కోసిన తాడు ముక్కలు, పురికొసలు, చిరిగిన తొమ్మిది సంచులు. ఒక బండికి కూడా రాలేదు. తాడు ముక్కలు పెద్దాయన మనవడు పొయ్యిలోకి పట్టుకెళ్ళాడు.

పుస్తకంలో అన్ని వరసలకీ టిక్కు పడింది, ఒక్కదానికి తప్ప. ఒక 20 అడుగుల సర్వి కట్టె మిగిలిపోయింది. దాని దారం ఎండకి వెలిసిపోయింది. పసుపో తెలుపో తెలియలేదు. పసుపు దారం ఆయన్నీ తెలుపు దారం ఆయన్నీ ఇద్దర్నీ అడిగాను. తమవి అన్నీ వచ్చేశాయనే అన్నారు ఇద్దరూ. ఆ కట్టెని ఆఫీసు వెనక సందులో గోడకి ఆనించి పెట్టాను. ఏప్రిల్లో ఒకరోజు పాకాల వైపు నుంచి పసుపు దారం ఆయన ఆఫీసుకి వచ్చారు. మంచినీళ్ళు తాగి, విత్తనాల గురించి, ఎండల గురించి అరగంట మాట్లాడారు. లేచి వెళ్ళబోతూ, "కొట్టం కప్పుతా ఉండాను పాపా. ఒక కట్టె తగ్గింది. నువ్వు ఫోన్ చేసినప్పుడే తెలుసు, నువ్వు ఏమన్నా అనుకుంటావని చెప్పలేదు" అన్నారు.

ఇద్దరం కలిసి కట్టెని సందులోంచి బయటికి తీశాం. స్కూటీ మీద కుదరదు కాబట్టి ఆటో ట్రాలీ మాట్లాడి, తాడుతో కట్టించాను. ముడి నేనే వేశాను. ఆయన కొస పట్టి ఒకసారి లాగి చూసి, మళ్ళీ వేయమన్నారు.